గోదావరి లంకల్లో స్టెల్త్ గేమ్ చేద్దామనుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక బహిరంగ లేఖ

కాకినాడ, భీమవరం, అమలాపురం, నర్సాపురం చుట్టుపక్కల కాలేజీల్లో చదువుకుంటూ, రాత్రిళ్లు హాస్టల్ గదుల్లో అన్‌రియల్, యూనిటీ లాంటి గేములు తయారుచేసే ఇంజిన్లు తెరుచుకుని కుస్తీ పడుతున్న మీ అందరికీ నమస్కారం.

నాది అమలాపురంలో కంప్యూటర్ల షాపు. ర్యామ్ పెంచమనో, గ్రాఫిక్ కార్డ్ మార్చమనో వచ్చే పిల్లల్లో ఈమధ్య చాలామంది ఒకే మాట అంటున్నారు: "మన గోదావరి చరిత్ర మీద గేమ్ చేస్తున్నాం అన్నా, అసాసిన్స్ క్రీడ్ టైపులో." అసాసిన్స్ క్రీడ్ అంటే పాతకాలపు ఊళ్లలో చాటుగా తిరిగి హత్యలు చేసే హంతకుల కథలతో వచ్చే గేముల సిరీస్; ఇలా ఎవరి కంటా పడకుండా దాక్కుని పని కానిచ్చే ఆటల్నే స్టెల్త్ గేములంటారు. వాళ్ల మాట వినగానే మనసు నిండిపోతుంది. ఆ వెంటనే దిగులు కూడా పట్టుకుంటుంది. ఎందుకంటే ఆ సిరీస్‌లో ఉన్న గొప్పతనాన్ని పట్టుకోవడం కష్టం, విసుగు పుట్టించే భాగాన్ని కాపీ కొట్టడం చాలా తేలిక. పెద్ద పెద్ద స్టూడియోలే ఏళ్ల తరబడి ఆ రెండింటి మధ్య కొట్టుమిట్టాడాయి. మీరు కోడ్ రాయడం మొదలుపెట్టకముందే ఈ నాలుగు మాటలు మీ చెవిన వేద్దామని రాస్తున్నాను.

2007లో వచ్చిన మొదటి అసాసిన్స్ క్రీడ్ సంగతే చూడండి. కథ 1191లో, మూడో క్రూసేడ్ అనే మతయుద్ధం నాటిది. డమాస్కస్, ఏకర్, జెరూసలేం నగరాలు. ఒక పాత ఊరిని గోడలు పట్టుకుని పాకి, మిద్దెల మీంచి దూకి, మీనార్ అంచున కూర్చుని చూడటం అప్పటికి మాకు కొత్త అనుభవం. అయినా సగంలో వదిలేసినవాళ్లు కోకొల్లలు. చంపాల్సినవాళ్లు తొమ్మిది మంది. ప్రతి ఒక్కరి దగ్గరా అదే తంతు. ఊళ్లోకి వెళ్లాలి, బురుజులెక్కాలి, బెంచీ మీద కూర్చుని ఎవరి మాటలో వినాలి, ఒకడి జేబు కొట్టాలి, ఒకణ్ణి సందులోకి లాక్కెళ్లి నాలుగు తగిలించి నిజం కక్కించాలి, స్థావరంలో పెద్దాయన దగ్గర అనుమతి తీసుకోవాలి, చంపాలి, పారిపోవాలి. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి చేతులు వాటంతటవే కదులుతుంటాయి. మరుసటి ఏడాది పీసీకి వచ్చినప్పుడు పరిశోధనల్లో కొత్త రకాలు కొన్ని కలిపారు. అయినా రోగం కుదరలేదు.

ఒకే పని మళ్లీ మళ్లీ చేయించారు కాబట్టి విసుగొచ్చిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. కబడ్డీలో కూతకెళ్లేవాడు ప్రతిసారీ అదే గీత దాటతాడు, అయినా ఊరంతా ఊపిరి బిగపట్టి చూస్తుంది. అవతల ఏడుగురూ ప్రతి కూతకీ వేరేగా కదులుతారు మరి. ఆ గేమ్‌లో అసలు లోపం వేరే ఉంది. అంత శ్రమపడి సంపాదించిన సమాచారం దేనికీ అక్కరకు రాదు. జేబు కొట్టి తెచ్చిన కాగితం మీద కాపలావాళ్లు ఎక్కడెక్కడ నిలబడతారో గీసి ఉంటుంది. మెనూలోకి వెళ్లి వెతుక్కుంటే తప్ప అది కనబడదు. చూసినా చూడకపోయినా ఆఖర్లో కత్తి దూసుకుంటూ నేరుగా వెళ్లిపోయినా పని అయిపోతుంది. అలాంటప్పుడు ఆ జేబు ఎందుకు కొట్టినట్టు?

నేను చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. స్టెల్త్ గేమ్‌లో మజా అంతా తెలుసుకోవడంలో ఉంటుంది. ఎవడు ఎటు నడుస్తాడు, ఎక్కడ ఆగి ఆవులిస్తాడు, ఏ తలుపు కిర్రుమంటుంది, ఏ మూల దీపం వెలుగు పడదు అన్నవి మన కళ్లతో మనమే కనిపెట్టాలి. దాని మీద ఒక పథకం వేసుకోవాలి. ఆ పథకం పారితే వచ్చే ఆనందం ఇంకే రకం గేమ్‌లోనూ దొరకదు. పారకపోతే ఎక్కడ తేడా కొట్టిందో అర్థమవ్వాలి. ఆ కనిపెట్టే పనిని గేమే మన తరఫున చేసేసినా, కనిపెట్టినదానితో అవసరం లేకుండా చేసినా ఇక మిగిలేది బటన్లు నొక్కడమే.

మజా ఏమిటంటే, ఆ మొదటి గేమ్‌లోనే మందు కూడా ఉంది. స్క్రీన్ మీద మ్యాప్, గుర్తులు అన్నీ ఆపేసి ఒకసారి ఆడి చూడండి. స్థావరంలో ఉండే మనిషి మాటల్లోనే ఫలానా మార్కెట్ వైపు, ఫలానా గుడి దగ్గర వెతకమని దారి చెబుతాడు. చెవి పెట్టి వింటే మ్యాప్ అక్కర్లేదు. ఊరు ఒక్కసారిగా బతికొచ్చినట్టు ఉంటుంది. తర్వాత వచ్చిన భాగాల్లో ఆ మాటలు తగ్గిపోయాయి, స్క్రీన్ మీద చుక్కలు పెరిగిపోయాయి.

నా ఈడువాళ్లకి ఈ రుచి తగిలింది ఇంకా ముందు, 1998 నాటి కమాండోస్ అనే యుద్ధం గేమ్ దగ్గర. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి ఆడేవాళ్లం. ఆడేవాడొకడు, వెనకాల నిలబడి "వాడు ఇటు తిరిగాడు, ఇప్పుడెళ్లు" అని అరిచేవాళ్లు నలుగురు. జర్మన్ సైనికుడి చూపు ఎంతమేర పడుతుందో ఆకుపచ్చ రంగులో చూపించేవారు. అంతకుమించి సాయం ఉండేది కాదు. ఒకే మ్యాప్‌తో సాయంత్రమంతా గడిచిపోయేది, ఎవరికీ విసుగొచ్చేది కాదు. వెనకాల నిలబడినవాళ్లకి కూడా రాలేదంటే ఆలోచించండి. ఆడటం వాళ్ల చేతిలో లేదు, కనిపెట్టడం మాత్రం వాళ్ల వంతు.

ఆ బాటలో వచ్చిన గేముల్లో మీరు తప్పకుండా విడదీసి చదవాల్సింది 2016లో మిమిమి స్టూడియో చేసిన షాడో టాక్టిక్స్. జపాన్‌లో ఎడో కాలం మొదలవుతున్న రోజులు, 1615. అందులో కాపలావాళ్లు ముఖ్యంగా మూడు రకాలు. మామూలువాడు నేల మీద సారాయి సీసా కనబడితే తన చోటు వదిలి వెళ్లి తీసుకుంటాడు. గడ్డి టోపీ పెట్టుకున్నవాడు ఏం పెట్టినా కదలడు. సమురాయ్ అయితే మారువేషంలో ఉన్న మనిషిని కూడా పసిగట్టేస్తాడు, మామూలు కత్తి దెబ్బకి లొంగడు. చూడండి, ఉన్నది మూడే రకాలు. అయినా ఒక వాకిట్లో ఇద్దరు మామూలువాళ్లని, వాళ్లిద్దరినీ చూసేలా ఒక గడ్డి టోపీవాణ్ణి నిలబెట్టేసరికి కొత్త చిక్కుముడి తయారవుతుంది. ఆ గడ్డి టోపీవాణ్ణి పక్కకి జరిపి సమురాయ్‌ని పెడితే మళ్లీ మొదటికొస్తుంది. మంచు పడిన మిషన్లలో మన అడుగుల జాడలు పడతాయి, వాటిని పట్టుకుని కాపలావాళ్లు వెతుక్కుంటూ వస్తారు. అదే సైనికుడు, అదే కత్తి, కానీ నేల మారేసరికి ఆట మారిపోయింది. ఆ స్టూడియో 2023లో మూతపడుతున్నట్టు ప్రకటించినప్పుడు నాకు సొంత మనుషులు పోయినంత బాధేసింది. పెద్ద బడ్జెట్ లేకుండా, చూపు, చప్పుడు, జాడ అనే మూడింటితో ఎంత లోతుగా వెళ్లొచ్చో చూపించినవాళ్లు వాళ్లు. మీకు ఆదర్శం కావాల్సింది వాళ్లే, వేలమంది పనిచేసే సంస్థలు కాదు.

అలాగని పెద్దవాళ్లకి చేతకాదని కాదు. 2014లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ యూనిటీని విడుదలైన రోజుల్లో బగ్గుల వల్ల లోకమంతా వెక్కిరించింది. కానీ అందులో పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చి మిషన్ ఉంది చూశారూ, చారిత్రక స్టెల్త్ అంటే ఏమిటో చెప్పడానికి నేను మొదట చూపించేది దాన్నే. మిషన్ మొదట్లో ఎదురుగా ఉన్న కప్పు మీంచి చర్చి అంతా చూడనిస్తారు. కిటికీల తాళాలున్న మనిషి ఒకడు తిరుగుతుంటాడు. వాడి దగ్గర్నుంచి తాళాలు కొట్టేస్తే కిటికీలు తెరుచుకుంటాయి. చంపాల్సినవాడు లోపల ఇంకొకణ్ణి కలుసుకోవాల్సి ఉంటుంది. ఆ రెండోవాణ్ణి ముందే లేపేస్తే, పాపాలు ఒప్పుకునే గదిలో వాడి స్థానంలో మనం కూర్చోవచ్చు. చంపాల్సినవాడు తనంతట తనే వచ్చి పక్కన కూర్చుంటాడు. చర్చి అంటే ఏమిటో, అందులో మనుషులు ఏం చేస్తారో ఆ హత్యలోనే ఇమిడి ఉంది. ఆ గదిని తీసుకెళ్లి ఇంకో ఊళ్లో ఇంకో కోటలో పెట్టలేం. ఆ కట్టడానికీ, ఆ కాలానికీ, ఆ ఆటకీ ముడి పడిపోయింది. చారిత్రక గేమ్ అని పేరు పెట్టుకున్నాక ఈ ముడి ఉండాలి. లేకపోతే చరిత్ర వెనకాల కట్టిన తెర మాత్రమే.

దీనికి పూర్తిగా ఎదురు అదే సిరీస్‌లో 2013 నాటి బ్లాక్ ఫ్లాగ్‌లో వెంబడించే మిషన్లు. కరీబియన్ సముద్రం, ఓడ, ఓడ మీద నావికులు పాడే పాటలు, వాటికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. కానీ నేల మీదకి దిగితే చాలు, ఇద్దరు మాట్లాడుకుంటూ నడుస్తుంటారు, వాళ్ల వెనకాల మనం నడవాలి. దగ్గరికెళ్తే చూసేస్తారు, మిషన్ పోయింది. దూరమైతే మాటలు వినబడవు, మిషన్ పోయింది. వాళ్లు ఆగితే ఆగాలి, తిరిగితే పొదలో దూరాలి. ఓడతో ఓడని వెంబడించే మిషన్ కూడా పెట్టారు! ఇందులో మనం కనిపెట్టేదేమీ లేదు, పథకమూ లేదు. కథ చెప్పడానికి కుదరక, మాటలు వినిపించడానికి మనల్ని నడిపించారంతే. మీ గేమ్‌లో దయచేసి ఇలాంటిది ఒక్కటి కూడా పెట్టకండి. చూడగానే మిషన్ రద్దయ్యే షరతు పెట్టడమంటే ఆటగాడికి వేరే దారి ఆలోచించే అవకాశమే తీసేయడం.

ఇంకో పెద్ద జబ్బు మతిమరుపు. పక్కనే తోటివాడు బాణం దిగి పడి ఉంటాడు. కాపలావాడు కాసేపు అటూ ఇటూ తిరిగి, ఏమీ లేదులే అనుకుని మళ్లీ తన పాత దారిలోనే నడక మొదలెడతాడు. మనం ఇంకో పొదలో కూర్చుని ఈల వేస్తాం. వాడొస్తాడు. వాణ్ణీ అదే పొదలోకి లాగేస్తాం. తర్వాతివాడు, ఆ తర్వాతివాడు... ఒకే పొదలో కోటంతా ఖాళీ అవుతుంది. ఇంత తేలికైన దారి ఉన్నప్పుడు ఎవరైనా బుర్ర ఎందుకు పెడతారు? ఆటగాడి బద్ధకాన్ని తిట్టి లాభం లేదు, దారి వేసింది మనమే. రెండోసారి ఈల వినబడితే కాపలావాడు ఒంటరిగా రాకూడదు. ఒకడు మాయమైతే మిగతావాళ్లు జంటలుగా తిరగాలి. పొద వైపు ముందు ఈటె గుచ్చి చూడాలి. ఇవన్నీ పెద్ద కృత్రిమ మేధ అవసరమైన సంగతులు కావు. పది లైన్ల కోడ్‌తో కాకపోయినా వారం రోజుల పనితో అయ్యేవే.

సైజు గురించి ఎక్కువ చెప్పను. అసాసిన్స్ క్రీడ్ సిరీస్‌లోనే 2020లో వచ్చిన వల్హాలాలో తొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ ఎంత అందంగా ఉంటుందో, ఒక ప్రాంతం తర్వాత ఇంకో ప్రాంతంలో పొత్తు కుదుర్చుకోవడం అంత సాగదీసినట్టు ఉంటుంది. 2023లో మిరాజ్ వచ్చి ఒక్క బాగ్దాద్ నగరానికి, చిన్న కథకి తగ్గించుకునేసరికి చాలామందికి ప్రాణం లేచొచ్చింది. 2025లో వచ్చిన షాడోస్‌లో దీపాలు ఆర్పి చీకటి చేసుకోవచ్చు, నేల మీద పాకొచ్చు, రుతువు మారితే దాక్కునే చోట్లు మారతాయి. చలికాలంలో చెరువు గడ్డకడితే నీళ్లలో మునిగి ఉండటం కుదరదు. ఈ ఆలోచనలు నాకెంతో నచ్చాయి. అదే గేమ్‌లో కోట తర్వాత కోటలో ఫలానా సమురాయ్‌లందర్నీ చంపి పెట్టె తెరవడం మాత్రం పాత రోగమే.

ఘోస్ట్ ఆఫ్ సుషిమా అనే గేమ్ దగ్గర్నుంచి మాత్రం ఒకటి తీసుకోండి. 1274లో జపాన్ మీద జరిగిన మంగోల్ దండయాత్ర కథ. అందులో బాణం గుర్తు బదులు గాలి దారి చూపిస్తుంది, అది అందరూ చెప్పేదే. నన్ను కట్టిపడేసింది ఇంకోటి. చాటుగా చంపడం అక్కడ కథానాయకుడి పరువుకి సంబంధించిన విషయం. పెంచిన మేనమామే అతన్ని చీదరించుకుంటాడు. చీకట్లో కత్తి దింపిన ప్రతిసారీ ఏదో కోల్పోతున్న బరువు మన మీద పడుతుంది. దాక్కోవడానికి ఆ సమాజంలో ఏం ఖరీదు కట్టాలో చెప్పిన గేమ్ అది.

ఇప్పుడు మన సంగతి. మన దేశం ఇలాంటి గేముల్లోకి రాకపోలేదు. 2016లో అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: ఇండియా వచ్చింది. 1841, సిక్కు రాజ్యం, అమృత్‌సర్, కోహినూర్. రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి. కానీ పక్క నుంచి చూస్తూ ఆడే ఆట కావడంతో ఊరు గోడ మీది బొమ్మలా ఉండిపోయింది. అందులో మనుషుల మధ్య బతకడం కుదరదు. 2020లో పుణెలో నోడింగ్ హెడ్స్ అనే చిన్న బృందం 'రాజీ' అనే గేమ్ చేసింది. అది స్టెల్త్ కాదు, అయినా మనవాళ్లు చేయగలరని నిరూపించింది. మరి గోదావరి పాయల మధ్య కథ ఎవరు చేస్తారు? మీరే కదా.

మీలో చాలామంది అల్లూరి సీతారామరాజు అంటున్నారు. కాదనను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లు వరసగా కొట్టిన వీరుడు. వస్తున్నానని ముందే మిరపకాయ టపా పంపి మరీ దాడి చేసిన మనిషి. శత్రువు సిద్ధంగా ఉంటాడని తెలిసి వెళ్లే స్టెల్త్ గేమ్ ఇంతవరకూ ఎవరూ సరిగ్గా ఆలోచించలేదని నా నమ్మకం. కానీ అది మన్యం కథ, కొండల కథ. డెల్టాలో పుట్టి పెరిగిన మీకు తెలిసిన నేల వేరు. తెలిసిన నేలతో మొదలుపెట్టండి.

1757, 58 సంవత్సరాలు తీసుకోండి. నిజాం సలాబత్ జంగ్ 1753లోనే ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తా జిల్లాలను, ఫ్రెంచివాళ్లకి ఇచ్చేశాడు. యానాంలో ఫ్రెంచి జెండా. దాని దగ్గర్లోనే ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ బట్టల గిడ్డంగి. ఇటు బండమూర్లంకలో, నర్సాపురం పక్కన మాధవాయిపాలెంలో కూడా ఇంగ్లీషువాళ్లే. పాలకొల్లులో, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్లు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి ఆ ఇంగ్లీషు గిడ్డంగులన్నీ పట్టేసుకున్నాడు. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్, విజయనగరం రాజా ఆనంద గజపతి కలిసి ఫ్రెంచి సేనను ఓడించారు. ఈ రెండింటి మధ్య కాలం ఉంది చూడండి, అదే మీ గేమ్. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. నేతగాళ్లు ఒక కంపెనీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు, ఇప్పుడు ఇంకొకడు వచ్చి కూర్చున్నాడు. కంపెనీలకి మాటలు అనువదించి బేరాలు కుదిర్చే దుబాసీలు రెండు పడవల మీద కాళ్లు పెట్టారు. ఒక ఉత్తరం ఇంజరం నుంచి చందుర్తి వైపు చేరాలి. కథానాయకుడు వీరుడు కానక్కర్లేదు, రేవులో పడవ నడిపే మనిషయితే చాలు. నీళ్లు తెలిసినవాడు.

నీళ్లే మీ ఆయుధం. కోరంగి మడ అడవుల్లో పోటు మీద పడవ సందు పాయల్లోకి హాయిగా దూరిపోతుంది. ఆరు గంటలు గడిచి పాటుకి నీళ్లు లాగేస్తే అదే పడవ బురదలో కూరుకుపోతుంది, దిగి నడుద్దామంటే మడ చెట్ల శ్వాసవేళ్లు పాదాల్లో గుచ్చుకుంటాయి, బురదలో అడుగుల జాడలు మర్నాటిదాకా చెరిగిపోవు. అమావాస్యకి, పున్నమికి పోటు ఇంకా ఎక్కువ. అమావాస్య రాత్రి చీకటి మీకు తోడుంటుంది కానీ పాటు వేళ పాయ ఎండిపోతుంది. పున్నమి నాడు నీళ్లూ అంతే, పైగా తెడ్డు ఎత్తితే రాలే చుక్కలు కూడా మెరుస్తాయి. ఇక ఆటగాడికి మ్యాప్ మీద చుక్కలెందుకు? ఏ తిథి నాడు బయల్దేరాలో వాడే లెక్కలు వేసుకుంటాడు. ఒకే మిషన్ నాలుగు తిథుల్లో నాలుగు రకాలుగా ఉంటుంది. షాడోస్ వాళ్లు రుతువులతో చేసిన పని మనకి ఒక్క పక్షంలోనే దొరుకుతుంది.

తర్వాత ఇల్లు. కోనసీమలో మండువా లోగిలి ఎక్కి చూసినవాళ్లకి తెలుస్తుంది. నాలుగు వైపులా కప్పు లోపలికి వాలి ఉంటుంది, మధ్యలో ఆకాశం. వాన నీళ్లన్నీ ఆ మధ్యలోనే పడతాయి. దొంగకి అంతకన్నా మంచి దారి ఉండదు, అంతకన్నా ప్రమాదకరమైన దారీ ఉండదు. గూనపెంకు మీద కాలు పెడితే అది కాస్త జారి పక్కదానికి తగులుతుంది, టకటకమని వరస మొత్తం కదులుతుంది. బరువు వాసాల మీద పడేలా అడుగు వేయడం తెలియాలి. 1998లో థీఫ్ అనే గేమ్ తివాచీ మీద నడిస్తే ఒక చప్పుడు, పెంకు పలకల మీద నడిస్తే ఇంకో చప్పుడు పెట్టి చెవులతో ఆడించింది. మన ఇంటి కప్పు దానికోసమే కట్టినట్టు ఉంటుంది. కింద నడవలో ముసలామె నిద్రపట్టక దొర్లుతుంటుంది. ఎండాకాలమైతే ఇంటిల్లిపాదీ వాకిట్లోనే మంచాలు వేసుకుని పడుకుంటారు, ఆ మంచాల మధ్య నుంచే నడవాలి. ఆముదపు దీపం గాలికి ఒకసారి ఆరిపోతే ఎవరూ పట్టించుకోరు, లేచి వెలిగిస్తారు. రెండోసారి ఆరితే "ఎవరది?" అంటారు. ఈ ఒక్క నియమం మీ గేమ్‌ని బతికిస్తుంది.

మనుషుల మధ్య కలిసిపోవడం గురించి కూడా చెప్పాలి. పాశ్చాత్య గేముల్లో బెంచీ మీద ఇద్దరి మధ్య కూర్చుంటే చాలు, కథానాయకుడు మాయమైపోతాడు. పెద్ద నగరంలో అది చెల్లుతుంది. మన ఊళ్లో అరుగు మీద కొత్త మనిషి కూర్చుంటే ఏమవుతుంది? "ఎవరింటికొచ్చావు బాబూ? ఏ ఊరు మీది? ఎవరి తాలూకు?" అని మూడు ప్రశ్నలు పడతాయి. మన ఆతిథ్యమే మన నిఘా. అందుకే మీ కథానాయకుడికి ప్రతి ఊళ్లోనూ చెప్పుకోవడానికి ఒక చుట్టరికం కావాలి, ఆ చుట్టరికం నిలబడటానికి ముందు ఊళ్లో ఎవరి పెళ్లి ఎప్పుడైందో, ఎవరి పొలం ఎటుందో విని పెట్టుకోవాలి. మొదటి అసాసిన్స్ క్రీడ్‌లో దండగైపోయిన చెవి ఒగ్గి వినడం ఇక్కడ ప్రాణాలు నిలబెడుతుంది. పిఠాపురంలో విన్న కబురు ద్రాక్షారామం దగ్గర తలుపు తీయిస్తుంది. తీర్థాల రోజున మాత్రం ఎవరు ఏ ఊరో ఎవరికీ పట్టదు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసినవాళ్లకి ఆ జనసముద్రం గురించి నేను చెప్పక్కర్లేదు. అలాంటి రోజులు ఏడాదికి ఏ కొన్నో ఉంటాయి, వాటికోసం ఆటగాడు కాచుకుని ఉండేలా చేయండి.

కాలం విషయంలో మాత్రం గట్టిగా పట్టుబడుతున్నాను. 1758లో మీరు రోజూ చూసే డెల్టా లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి ముందు ఈ ప్రధాన కాలవలు, లాకులు, కాలవ గట్ల మీద రోడ్లు ఏవీ లేవు. గోదావరి తనకిష్టమైనట్టు పొంగేది, లేకపోతే ఎండబెట్టేది. పాయ మీదుగా కాలవని దాటించే పి.గన్నవరం ఆక్విడెక్టు కూడా ఆ తర్వాతి కట్టడమే. మంగుళూరు పెంకు పందొమ్మిదో శతాబ్దపు సరుకు, హరికేన్ లాంతరూ అంతే. డ్రోన్ వీడియోలో కనబడే పచ్చటి చేలని యథాతథంగా దింపేస్తే చూడటానికి బాగుంటుంది కానీ అబద్ధం అవుతుంది. నిజం పెడితే ఆట కూడా బాగుపడుతుంది: వంతెన లేదు, గట్టు లేదు, పాయ దాటాలంటే పడవే, పడవంటే రేవు, రేవంటే నలుగురి కళ్లు. ద్రాక్షారామం భీమేశ్వరాలయం, పాలకొల్లు క్షీరారామం అప్పటికే ఉన్నాయి, వాటిని ధైర్యంగా పెట్టుకోండి. గోపురం మీంచి గడ్డిమేటులోకి దూకే సీను మాత్రం వద్దు. అది అసాసిన్స్ క్రీడ్ వాళ్ల ముద్ర, మనకి అతకదు. ఎత్తు కావాలంటే కొబ్బరి చెట్టుంది. దింపు తీసేవాళ్లు ఎలా ఎక్కుతారో దగ్గరుండి చూడండి. పైకెక్కితే లంకంతా కనబడుతుంది, కానీ దిగేదాకా మీరు అక్కడే చిక్కుకుపోయినట్టు. చూపుకి ఖరీదు కట్టడం అంటే అదే.

1839 నవంబర్ 25న తుఫాను కోరంగి రేవుని ఊడ్చిపెట్టేసింది. దాన్ని క్లైమాక్స్‌గా వాడుకుంటామని కొందరు నాతో అన్నారు. వేల ప్రాణాలు పోయిన రాత్రి అది. మన ఇళ్లలో 1996 నవంబర్ తుఫానుని చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆటగాడు చెట్టు మీంచి చెట్టు మీదకి దూకుతూ తప్పించుకునే తమాషాగా దాన్ని మార్చకండి. పెట్టాల్సి వస్తే కత్తి పక్కన పెట్టించి, మనుషుల్ని కాపాడే పని ఇవ్వండి.

గొంతులు మన తెలుగులోనే రికార్డ్ చేయండి, సబ్‌టైటిల్స్ ఎన్ని భాషల్లోనైనా పెట్టుకోండి. కాపలావాళ్లు మాట్లాడుకునే మాటల్లో ఆటకి పనికొచ్చే ముక్క ఒకటి ఉండాలి. రేపు ఏ రేవులో ఎవరికి డ్యూటీ, ఎవడికి రేచీకటి, ఎవరింట్లో బారసాల. అర్థమయ్యే భాషలో విన్నప్పుడే కదా చెవి పనిచేసేది.

మొదటి ఏడాదిలోనే యానాం నుంచి నర్సాపురం దాకా మ్యాప్ గీయాలని చూడకండి. ఒక లంక, ఒక మండువా ఇల్లు, ఒక రేవు, ఒక రాత్రి, ఎనిమిది మంది కాపలావాళ్లు చాలు. ఆ ఎనిమిది మందికీ పేర్లు పెట్టండి, అలవాట్లు పెట్టండి, జ్ఞాపకం పెట్టండి. ఒకే రాత్రిని పదిసార్లు ఆడినా పదకొండోసారి ఆడబుద్ధి అయితే అప్పుడు రెండో లంక సంగతి చూద్దురుగాని.

ఆడి చూడటానికి వీలైన బిల్డ్ తయారయ్యాక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకి రండి. పాత కార్డు మీద కూడా నడిచేలా సెట్టింగులు నేను చూసి పెడతాను, డబ్బులేమీ అక్కర్లేదు. మ్యాప్, గుర్తులు, సూచనలు అన్నీ ఆపేసే ఆడతాను. కాపలావాడు నన్నెందుకు పట్టుకున్నాడో నాకర్థం కాని చోట్లన్నీ కాగితం మీద రాసిస్తాను. సాయంత్రం ఏడు దాటాక వస్తే గిరాకీ తగ్గుతుంది, తీరిగ్గా కూర్చోవచ్చు.

ఇట్లు,
మీ అన్నయ్య
అమలాపురం